తోలు మిషను బేరం

చెప్పుల దుకాణం అరుగు మీద ఒకప్పుడు పొడవాటి ఇనుప చెయ్యి ఉన్న నల్లటి కుట్టుమిషను తప్పకుండా కనబడేది. దర్జీ మిషనుకు ఉండే బల్లపరుపు పీఠం దీనికి ఉండదు. సన్నటి గొట్టంలాంటి చెయ్యి ఒకటి ముందుకు చాచుకుని ఉంటుంది. బూటునైనా సంచినైనా ఆ చేతికి తొడిగి కుడతారు. పక్కన పెద్ద చక్రం, కొన్నింటికి చక్రానికి పిడి, కొన్నింటికి కింద తొక్కుడు పలక. ఇప్పుడు తెలుగు పట్టణాల్లో అరుగులూ తగ్గాయి, ఆ మిషనూ తగ్గింది. అలాంటి పాత మిషన్లను ఏరి కొనడం, విప్పి బాగుచేయడం, మళ్లీ అమ్మడం మీద బతికిన చిన్న లోకం ఒకటి వాటి వెనక ఉండేది. మిషను తగ్గడం కళ్లకు కనిపించింది గాని, ఆ లోకం కుంచించుకుపోయిన సంగతి చాలామందికి తెలియనే లేదు.

తోలు పనివాళ్లలో కొత్త మిషను కొన్నవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. చెప్పులు, పోలీసు బెల్టులు, హోల్డాళ్లు, తోలు పెట్టెలు, బస్సు సీట్ల కవర్లు, ఏది కుట్టే షెడ్డులోనైనా ఉన్న మిషను అంతకుముందు ఇంకెవరి దగ్గరో పనిచేసి వచ్చిందే. అందుకే ఆ పనిలో ఉన్నవాళ్లు మిషను వయసు అడిగేవాళ్లు కాదు. ఎవరి దగ్గర ఉండేదో, ఏం కుట్టేదో అడిగేవాళ్లు.

ఆరె నుంచి చక్రానికి

ఊళ్లలో తోలు పనికి మిషనుతో సంబంధం లేదు. తంగేడు చెక్క వేసిన లందలో చర్మం నానబెట్టి, రంపితో కోసి, గూటంతో చదును చేసి, ఆరెతో రంధ్రం పొడిచి, తోలు వారుతోనే కుట్టేవారు. కిర్రు చెప్పులు అలా తయారైనవే. రైతుకు చెప్పులు, ఎద్దులకు పట్టెడలు, బావికి మోట తోలు చేసిచ్చినందుకు మాదిగ కుటుంబాలకు ముట్టేది కళ్లంలో కొలిచే మేర. ఎంత పనికి ఎంత గింజ అన్నది చేసినవాడి చేతిలో ఉండేది కాదు.

మోట పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. రబ్బరు చెప్పులు వచ్చాయి. పని వెతుక్కుంటూ బస్తీకి వచ్చిన కుటుంబానికి బస్టాండు దగ్గర నాలుగడుగుల చోటు, ఒక మిషను ఉంటే కుట్టుకు ఇంత అని రొక్కం అడగవచ్చు. ఆ మిషను ధర కొత్తదైతే ఊహకు అందదు. సెకండ్‌హ్యాండుదైతే అప్పోసప్పో చేసి, బయానా ఇచ్చి, మిగతాది నెలనెలా తీర్చుకోవచ్చు. పాత మిషన్ల వ్యాపారానికి ఉన్న అసలు విలువ ఇక్కడ ఉంది. ఆ వ్యాపారం గురించి చెప్పుకునేటప్పుడు గేర్లూ స్క్రూలూ గుర్తొచ్చినంతగా ఇది గుర్తు రాదు.

మిషన్ల పుట్టిళ్లు

అరుగుల మీద ఎక్కువ పేరున్నది సింగర్ 29కె. అంకె వెనక ఉన్న అక్షరం మిషను పుట్టిన చోటు చెబుతుంది. కె అంటే స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంకు దగ్గరి కిల్‌బోవీ ఫ్యాక్టరీ. డబ్ల్యు అయితే అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్టు, జి అయితే జర్మనీ. కిల్‌బోవీ ఫ్యాక్టరీ 1885లో మొదలై 1980లో మూతబడింది. దాని గడియార స్తంభం 200 అడుగుల ఎత్తుండేది. 1963లో దాన్ని పడగొట్టారు. అక్కడి రైల్వే స్టేషను పేరు మాత్రం ఇవాళ్టికీ సింగరే.

జర్మన్ మిషన్లకు ఇంకో రకం గౌరవం. కైజర్స్‌లౌటర్న్ ఊళ్లో ఇత్తడి వాయిద్యాలు చేసే గియోర్గ్ మైకేల్ ఫాఫ్ 1862లో తన మొదటి కుట్టుమిషను తయారుచేసిందే బూట్ల తోలు కుట్టడానికి. బీలెఫెల్డ్ నుంచి అడ్లర్ వచ్చింది. జపాను జూకీ ఆ తర్వాత వచ్చింది. మెకానిక్కుల మాటల్లో ఫాఫ్, అడ్లర్ రెండూ కలిసి 'జర్మన్ మిషను' అయ్యాయి. ఆ ఒక్క మాటకే బేరంలో కొంత ధర పెరిగేది.

29కె గొప్పతనమంతా దాని ఫుట్‌లో ఉంది. మామూలు మిషనులో గుడ్డను కింది పళ్లు లాగుతాయి, పై ఫుట్ ఊరికే అదిమి పట్టుకుంటుంది. 29కెలో లాగే పని పై ఫుట్‌దే. పైగా ఆ ఫుట్ చుట్టూ పూర్తిగా తిరుగుతుంది. బూటును తిప్పకుండా ఫుట్‌నే తిప్పుకుంటూ ముందుకూ వెనక్కూ పక్కకూ కుట్టవచ్చు. బొటనవేలి దగ్గర చిరిగిన బూటుకు లోపలి నుంచి అతుకు వేయడం దీనివల్లే సాధ్యమైంది. దారం ఎక్కించడం కూడా వింతే. గొట్టంలాంటి కడ్డీలోకి సన్నటి తీగ దూర్చి, దాంతో దారాన్ని కిందికి లాగాలి. ఆ తీగ పోతే ఆ పూట పని ఆగినట్టే. సైకిలు పుల్ల ఒకదాని కొస వంచి చూరుకు గుచ్చి ఉంచుకునేవాళ్లు ఉండేవారు.

తోలుకు క్షమ లేదు

గుడ్డ మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టవచ్చు. తోలు మీద సూది పడిన రంధ్రం శాశ్వతం. తోలు సూది మొన కూడా గుడ్డ సూదిలా గుండ్రంగా ఉండదు, చిన్న కత్తిలా కోసుకుంటూ దిగుతుంది. ఒకే మిషనుకు వచ్చే సూదుల్లో 135×16 తోలుకు, 135×17 గుడ్డకు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, భూతద్దం పెడితేగాని తేడా తెలియదు. తోలు సూదితో గుడ్డ కుడితే నూలు తెగుతుంది. గుడ్డ సూదితో మందం తోలు కుడితే సూది వేడెక్కుతుంది, దారం తెగుతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే తపాలా బిళ్ల అంచులా వరస రంధ్రాలు పడి, తోలు ఆ గీత వెంటే చిరుగుతుంది.

పొరలు జారడం ఇంకో తంటా. కింది పొరను పళ్లు లాగుతుంటే పై పొర ఫుట్‌కు అతుక్కుని వెనకబడుతుంది. బూటు పైభాగాలకు చిన్న చక్రం ఉన్న రోలర్ ఫుట్ వాడింది అందుకే. బ్యాగులకూ సీట్లకూ అది చాలదు. సింగర్ 111డబ్ల్యు155 లాంటి మిషన్లలో సూది, ఫుట్, పళ్లు మూడూ కలిసి ఒక్క అడుగు వేస్తాయి. నాలుగు పొరల తోలైనా మొదటి కుట్టు దగ్గర అంచులు ఎలా కలిశాయో చివరి కుట్టు దగ్గరా అలాగే కలుస్తాయి. బెల్టులు, జీన్ల లాంటి బరువు పనికి సింగర్ 45కె ఉండేది. వేగం తక్కువ, బలం ఎక్కువ.

మద్రాసు దారి

తెలుగు జిల్లాలకు ఈ మిషన్లు ఎక్కువగా మద్రాసు నుంచే దిగేవి. సెంట్రల్ స్టేషనులో దిగితే పక్కనే మూర్ మార్కెట్, కాస్త నడిస్తే పెరియమేట తోలు వ్యాపారుల వీధులు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయేదాకా పాత వస్తువుకు అది పెట్టింది పేరు. మద్రాసుకూ తోలుకూ ఉన్న బంధం ఊరి పేర్లలోకీ ఎక్కింది. క్రోంపేటకు ఆ పేరు క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే వచ్చింది.

చాలాకాలం మద్రాసు ఓడరేవు నుంచి వెళ్లింది సగం ఊనిన తోలే. బూట్లు, సంచులు కుట్టి లాభం చేసుకున్నది విదేశాలు. 1972లో సీతారామయ్య కమిటీ ఈ పద్ధతి మారాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత ముడి, సగం ఊనిన తోళ్ల ఎగుమతి మీద ఆంక్షలు వచ్చాయి. ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి, పల్లావరం ప్రాంతాల్లో బూటు పైభాగాలు, వస్తువులు కుట్టే కర్మాగారాలు పెరిగాయి. అడయారులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఈ మార్పుకు సాంకేతికంగా అండగా నిలిచింది. దాన్ని 1958 నుంచి 1971 దాకా నడిపిన యలవర్తి నాయుడమ్మది అప్పటి గుంటూరు జిల్లా యలవర్రు. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో ఒక శాస్త్రవేత్త ఆ పనిని తన చదువుగా ఎంచుకోవడం చిన్న సంగతి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్‌లో జీతాలు పెరిగి బూట్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడుతున్నాయి. అక్కడ అక్కరలేని మిషను ఇక్కడి కర్మాగారానికి అక్కరకొచ్చింది. కర్మాగారం మంచివాటిని ఉంచుకుని, అలిసిపోయినవాటిని దళారులకు అమ్మేది. దళారి నుంచి మెకానిక్కు, మెకానిక్కు నుంచి చిన్న షెడ్డు. గోనె చుట్టి, రంపపు పొట్టు కూరిన చెక్కపెట్టెలో లారీ పార్సిలుకు వేస్తే నెల్లూరు, గుంటూరు, బెజవాడ చేరేవి. హైదరాబాదులో మిషను తలకాయల కన్నా విడిభాగాల కోసం తిరిగేవాళ్లు ఎక్కువ. జుమ్మెరాత్ బజారులోనూ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ నేల మీద పరిచిన ఇనుప సామానులో బాబిన్ కేసు ఒకటి దొరికినా ఆ వారం గిట్టుబాటైనట్టే.

తిప్పి చూసే తంతు

తెలిసినవాడు బేరానికి వెళ్తూ మూడు వస్తువులు తన వెంట పట్టుకెళ్లేవాడు: తను కుట్టే తోలు ముక్క, తన దారం, తన సూది. అమ్మేవాడిచ్చే మెత్తటి రెగ్జిను మీద ఏ మిషనైనా చక్కగానే కుడుతుంది.

ముందు మోటారు వేయనిచ్చేవాడు కాదు. బెల్టు తీయించి చక్రం చేత్తో తిప్పేవాడు. 'తిప్పి చూడన్నా, నీకే తెలుస్తది' అనేవాడు అమ్మేవాడు, ఏదో ఒకటి మాట్లాడుతూనే. కొనేవాడు మాత్రం మాట్లాడడు, వింటాడు. మంచి మిషను చేతి కింద ఒకే బరువుతో తిరుగుతుంది. ఒకచోట బిగిసి మరోచోట వదులైతే లోపల షాఫ్టు వంగినట్టు. టక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తే గేరు పన్ను విరిగినట్టు. చక్రం ముందుకీ వెనక్కీ కాస్త ఆడించినప్పుడు సూది కదలకుండా చక్రం మాత్రమే కదిలితే, ఆ కదిలినంతా అరుగుదలే.

తర్వాత కళ్ల పని. సూది దిగే పళ్లెం రంధ్రం చుట్టూ గాట్లు ఉంటే సూదులు చాలా విరిగాయని అర్థం. స్క్రూ తలలు నలిగిపోయి ఉంటే చేతగాని మెకానిక్కు చేతిలో పడి వచ్చిందని అర్థం. ఈ గుర్తు చాలామంది పట్టించుకోరు గాని, మిషను గతం గురించి ఇంతకన్నా నిజం చెప్పే గుర్తు లేదు. కింద దారాన్ని పట్టే హుక్కు మొన మీద గోరు రాసి చూస్తారు. గోరుకు గీసుకుంటే దారం తెగుతూనే ఉంటుంది. కొత్త పెయింటు తళతళలాడితే అనుభవం ఉన్నవాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. పోత ఇనుము పగిలితే ఇత్తడితో అతికి, లప్పం పూసి, పైన నలుపు వేయడం తేలిక. చెక్కుచెదిరిన పాత పూత, వెలిసిన బంగారు పూల గీతలు, చేతి మీద ఏళ్లనాటి కుంకుమ మరక ఉన్న మిషనే నమ్మకం. దసరాకు ఆయుధపూజ చేసిన ఇంట్లో ఉన్నదంటే ఏటా ఒక్కసారైనా కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నూనె వేసి ఉంటారు.

29కె విషయంలో ఇంకో పరీక్ష తప్పనిసరి. ఫుట్‌ను కదిపే లివరు, దాన్ని తోసే రింగు అరిగేకొద్దీ కుట్టు పొట్టిదైపోతుంది. బాగున్న మిషను అంగుళానికి అయిదారు కుట్లు వేస్తే, అరిగినది ఎంత పొడవు పెట్టినా ఎనిమిదికి తగ్గదు. పైగా ఫుట్‌ను నాలుగు దిక్కులకూ తిప్పి కుట్టి చూడాలి. ఒక దిక్కు పొడుగ్గా, మరో దిక్కు పొట్టిగా పడితే ధర సగానికి దిగాల్సిందే. ఇదంతా అయ్యాక, కుట్టిన ముక్కను తిరగేసి కింది వైపు చూస్తారు. బేరం అప్పుడు మొదలవుతుంది.

కిరసనాయిలు, ఆకురాయి

మెకానిక్కు దగ్గర సామాను ఎక్కువేమీ ఉండేది కాదు. పాత ఆకురాళ్లను సానబట్టి చేసుకున్న స్క్రూడ్రైవర్లు, పొడుగు ముక్కు నూనె డబ్బా, పళ్లు తోమే బ్రష్షు, చేతి అద్దం, గుడ్డ పీలికలు. అద్దం ఎందుకంటే హుక్కు ఉండేది కింద. తల వంచితే వెలుతురు పడదు.

వచ్చిన మిషన్లలో చాలావాటి జబ్బు ఒకటే: ఇంట్లో చేతికందిన కొబ్బరినూనె పోయడం. ఏడాది తిరిగేసరికి అది బంకగా మారి చక్రాన్ని పట్టేస్తుంది. అలా బిగిసిన మిషనును బలవంతంగా తిప్పితే ఏదో ఒకటి విరుగుతుంది. నూనె రంధ్రాలన్నింటిలో కిరసనాయిలు చుక్కలు వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున చక్రాన్ని వేలెడంత ముందుకు, వేలెడంత వెనక్కు ఆడించాలి. మళ్లీ కిరసనాయిలు. ముదిరినదైతే ఇది రోజుల తరబడి సాగేది. వదులయ్యాక అసలు మిషను నూనె.

స్క్రూ పోతే పెద్ద చిక్కు. సింగర్ మరలు కంపెనీ సొంత కొలతవి, హార్డ్‌వేరు షాపులో దొరికే ఏ స్క్రూ పట్టదు. బలవంతంగా బిగిస్తే రంధ్రం మర చెడిపోతుంది. అందుకే ప్రతి మెకానిక్కు షెడ్డులోనూ ఒక మూల చచ్చిన మిషన్లు ఉండేవి. వాటిని తూకానికి అమ్మేవారు కాదు. ఒక్కోదాని నుంచి ఒక్కో స్క్రూ, స్ప్రింగు తీస్తూ ఏళ్ల తరబడి వాడేవారు. సింగర్ భాగాల మీద చిన్న అంకెలు పొడిచి ఉంటాయి. ఇంగ్లీషు చదువు లేని మెకానిక్కులకూ ఆ అంకెలు నోటికి వచ్చి ఉండేవి. అవీ దొరకనప్పుడు లేతు షాపుకు పరుగు. అరిగిన లివరు కొసకు అతుకు పెట్టించి, ఆకురాయితో కొంచెం కొంచెం రుద్దుతూ, బిగించి కుట్టి చూసి, మళ్లీ విప్పి రుద్దేవారు. ఎంత రుద్దాలో చెప్పే పుస్తకం లేదు. ఎక్కువ రుద్దితే అతుకు మొదటికొస్తుంది.

చివరిది టైమింగు. సూది అట్టడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూగా పైకి లేచే క్షణంలో దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడు హుక్కు మొన సూది బెజ్జానికి కాస్త పైన వచ్చి ఆ ఉచ్చును పట్టాలి. ముందొచ్చినా వెనకొచ్చినా కుట్టు తప్పుతుంది. మందం తోలులో సూది వంగినా అంతే. చేయి తిరిగిన మెకానిక్కు అద్దంలో ఒకసారి చూసి, మిగతాది చెవితో సరిచేసేవాడు. పైదారం, కిందిదారం ముడి తోలు మందానికి నడిమధ్య పడిందంటే పని అయినట్టు. అప్పుడే డబ్బు అడిగేవాడు.

ఈ విద్య బళ్లో నేర్పింది కాదు. కుర్రాడు ఏడాది పాటు కిరసనాయిలులో భాగాలు కడగడంతో మొదలుపెట్టేవాడు. ఏ భాగం ఏ భాగం పక్కన పెట్టాలో తెలిశాక విప్పనిచ్చేవారు. బిగించనిచ్చేది ఆ తర్వాతెప్పుడో. జీతం పేరుకే. తప్పు చేస్తే దెబ్బలూ తప్పేవి కావు. దీన్ని గురుకులంలా వర్ణించడం పూర్తి నిజం కాదు.

మోటారు హోరు

కర్మాగారాల మిషన్లకు క్లచ్ మోటారు ఉండేది. స్విచ్చి వేస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, కుట్టినా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉండేది. తొక్కితే క్లచ్ పట్టి మిషనును తిప్పుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారు తోలుకు ఎక్కువ, 2,880 చుట్లదైతే మరీ ఎక్కువ. అందుకని మోటారుకు చిన్న పుల్లీ, మిషనుకు పెద్ద పుల్లీ వేసి వేగం తగ్గించేవారు. అయినా పెడల్ మీద పాదం ఒక్క వీసం ఎక్కువ పడితే సూది నాలుగు కుట్లు దాటిపోయేది. మూల దగ్గరికి వచ్చేసరికి అనుభవజ్ఞులు సైతం పెడల్ వదిలేసి చక్రం చేత్తో తిప్పేవారు. పది మోటార్ల షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు. ఆ హోరు జ్ఞాపకంలో తీయగా ఉండవచ్చు. అందులో ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్ల చెవులను అడిగితే వేరే మాట చెబుతాయి.

పోయినదీ వచ్చినదీ

ఈ వ్యాపారాన్ని దెబ్బతీసింది కుట్టు అవసరం తగ్గడం ఒకటి. అచ్చులో పోసిన సోలు, జిగురుతో అతికిన బూటు వచ్చాక బాగుచేయించడం కన్నా కొత్తది కొనడమే నయమైంది. రెండోది, మిషనే చౌకైపోవడం. చైనా నుంచి చేత్తో తిప్పే చిన్న అతుకు మిషన్లు వచ్చాయి. పాత 29కెను కొని, బాగుచేయించి, లారీలో తెప్పించుకునే ఖర్చు కన్నా తక్కువకే ఇంటికి చేరుతున్నాయి. పోత గరుకు, గేర్లు వదులు, ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. అయినా చిన్న అతుకులకు చాలు. అప్పు చేయకుండా చెప్పుల పని మొదలుపెట్టడానికి ఈ కాలపు కుర్రాడికి అది దొరికింది. ఒకప్పుడు సెకండ్‌హ్యాండు మిషను చేసిన మేలే ఇప్పుడు అది చేస్తోంది.

కర్మాగారాల్లో సర్వో మోటార్లు వచ్చాయి. తొక్కితేనే తిరుగుతాయి, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా. కరెంటు తక్కువ, చప్పుడు తక్కువ. ఆంబూరు ప్రాంతపు బూట్ల ఫ్యాక్టరీల్లో మిషన్ల ముందు ఇప్పుడు ఎక్కువగా కనబడేది ఆడవాళ్లే. అదే సమయంలో దారం తెంపడం, సూది ఆపడం లాంటి పనులన్నీ సర్క్యూట్ కార్డు చూసుకుంటోంది. అది పోతే ఆకురాయితో చేసేదేమీ లేదు. కార్డు మార్చాలి, కార్డు తయారీ ఆగిపోతే మిషనే మార్చాలి. అరిగిన భాగాన్ని చూసి మిషనును ఎలా వాడారో చెప్పగల చూపు దాంతో అక్కరలేనిదైంది.

అయినా వ్యాపారం పూర్తిగా ఆగలేదు. లూధియానాలో పాత సింగర్ పద్ధతి మిషన్లూ విడిభాగాలూ తయారవుతూనే ఉన్నాయి. సూదులకు కొరత లేదు. బెజవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సీటు కవర్లు కుట్టేవాళ్లు, చేతి సంచులు చేసే చిన్న షెడ్లవాళ్లు పాత జర్మన్ తలకాయ దొరికితే ఇప్పటికీ వదలరు. వాళ్లు దాన్ని విప్పి, కడిగి, క్లచ్ మోటారు పీకేసి సర్వో మోటారు బిగిస్తారు. వేగం పుల్లీ లెక్కలు పోయాయి గాని టైమింగు లెక్క మారలేదు. అది చూడగల మెకానిక్కు ఊళ్లో లేకపోతే ఫోనులో వీడియో తీసి చెన్నైకి పంపి అడుగుతున్నారు. అవతలివాడు ముందు చక్రం చేత్తో తిప్పి ఆ చప్పుడు వినిపించమంటాడు.